సన్నాల పొలంలో ఆకెండు తెగులు

తొర్రూరు చుట్టుపక్కల వరి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టినా ముందు చెరువే ఎదురవుతుంది. కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ఇదే మహబూబాబాద్ జిల్లాలో ఉంది. దాని శాసనం కాకతీయ వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. పైకి వెళ్తే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు, ఇవీ 13వ శతాబ్దపు కట్టడాలే. పాలకుర్తి, బమ్మెర ఊళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. చెరువు తవ్వించినదెవరు, తూము కింద ఏ భూమి ఎవరికి దానమిచ్చారు, నీటిలో ఎవరి పాలు ఎంత అన్న సంగతులు ఈ నేల చరిత్రలో బాగానే దొరుకుతాయి. ఆ నీటితో పండిన పైరుకు ఏ జబ్బు చేసిందో మాత్రం దొరకదు. దానం రాయించిన వారికి ఆకు మీది మచ్చతో పనిలేదు. అందుకే వరి తెగుళ్ల చరిత్రను రాతిమీద కాకుండా మరోచోట వెతకాలి. బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు విషయంలో ఆ చోటు చాలా చిన్నది. సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీన్ల ఆకారంలోనే ఆ చరిత్రలో పెద్ద భాగం ఇమిడి ఉంది. ఆ ఆకారాలు కొన్నింటిని చూసినది కూడా దూరదేశంలో కాదు, హైదరాబాద్‌లోనే. వాటిని బట్టి నాకు తోచినది ఇది: ఈ తెగులు చరిత్రను సూక్ష్మజీవి ఒక్కటే నడపలేదు, మనం పొలంలో ఏం నాటామన్నది నడిపింది.

తెగులును రైతు గుర్తించే తీరు అందరికీ తెలిసిందే. ఆకు కొసన మొదలై అంచుల వెంట అలలుగా పసుపు చార కిందికి దిగుతుంది, తర్వాత గడ్డి రంగుకు మారి ఎండిపోతుంది. తెల్లవారుజామున ఆకు అంచున పాలలాంటి చిన్న చుక్కలు నిలుస్తాయి, పొద్దెక్కేసరికి అవి పసుపు పూసల్లా గట్టిపడతాయి. తెగులు సోకిన ఆకును కోసి గాజుగ్లాసు నీళ్లలో ఉంచితే కోసిన చోటి నుంచి తెల్లని ధార దిగుతుంది. ఆ ధార నిండా బ్యాక్టీరియాయే. నారు దశలోనే సోకితే మొక్క మొత్తం వాడి చస్తుంది. పొట్ట దశలో సోకితే గింజ పాలుపోసుకోక తాలు పెరుగుతుంది. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో 1884లో దీన్ని మొదటిసారి గుర్తించారు. 1909లో ఆకు మీది చుక్కల్లోనే బ్యాక్టీరియా ఉందని కనిపెట్టారు. 1922లో ఇషియామా దానికి పేరు పెట్టాడు. ఇప్పటి పేరు జాంథోమొనాస్ ఒరైజే. మన దేశంలో దీన్ని శాస్త్రీయంగా నమోదు చేసింది 1959లో, మహారాష్ట్ర నుంచి. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1963లో, బిహార్‌లోని షాహాబాద్ జిల్లాలో ఇది పెద్ద ఎత్తున చెలరేగింది.

ఆ దశాబ్దంలోనే మన వరి తలరాత మారింది. 1965లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన సమన్వయ పథకం మొదలైంది. తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1 (టీఎన్1) అనే పొట్టి రకం వచ్చింది. ఎరువు ఎంత వేసినా పడిపోకుండా నిలబడడం దాని గొప్ప. ఆకెండు తెగులుకు ఇట్టే లొంగిపోవడం దాని లోపం. ఎంతగా లొంగుతుందంటే, కొత్త రకాలు తెగులును తట్టుకుంటాయా లేదా అని పరీక్షించే మడుల్లో తెగులు తప్పకుండా సోకే పోలిక రకంగా టీఎన్1నే నాటుతారు. ఆ రకమే జయకు, తెల్లహంసకు తల్లిదండ్రుల్లో ఒకటైంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 రక్తంలోనూ అదే ఉంది. మద్రాసు రాష్ట్రపు పాత సన్నరకం జీఈబీ 24కు టీఎన్1ను కలిపి, ఆ సంతతిని మలేషియా నుంచి వచ్చిన మసూరితో మళ్లీ సంకరం చేస్తే ఈ సాంబ మసూరి పుట్టింది. గింజ సన్నం, అన్నం రుచి, మిల్లులో నూక తక్కువ. నూట నలభై అయిదు, నూట యాభై రోజుల పంటకాలం కూడా దాని డిమాండును తగ్గించలేకపోయింది. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు, ఆ తర్వాత దేవాదుల ఎత్తిపోతలు, వీటితో పాటు ఊరూరా బోర్లు వచ్చాక, ఒకప్పుడు చెరువు నిండితేనే వరి అనుకున్న మెట్ట మండలాల్లోనూ సన్నాలు పరుచుకున్నాయి.

ఇక్కడ వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం గురించి ఒక మాట చెప్పాలి. ఈ ప్రాంతానికి ఉల్లికోడు పురుగు పెద్ద శత్రువు. వరంగల్ శాస్త్రవేత్తల పని చాలా ఏళ్లు దాని చుట్టూనే తిరిగింది. సురేఖ, పోతన, కావ్య, ఎర్రమల్లెలు అంటూ వాళ్లు పెట్టిన పేర్లలో ఈ మట్టి వాసన ఉంది. బమ్మెర కవి పోతన పేరు ఒక వరి వంగడానికి చేరిందంటే, వరిని ఈ ఊళ్లు ఏ కంటితో చూస్తాయో అర్థమవుతుంది. ఉల్లికోడు పోరు నేర్పిన పాఠం ఆకెండు తెగులుకూ వర్తిస్తుంది. తట్టుకునే గుణం ఒక్కటే ఉన్న రకాన్ని విస్తారంగా వేస్తే, ఆ గుణాన్ని దాటగలిగే పురుగు తెగ త్వరగా పైకి వస్తుంది. ఆకెండు తెగులుకు ఇంతకాలం అంత శ్రద్ధ దక్కలేదంటే కారణం ఉంది. ఉల్లికోడు ఏటా వచ్చేది, ఇది గాలివానల ఏడాదిలో వచ్చేది. ఏటా కనిపించే శత్రువు మీదే పరిశోధన నిధులూ రైతు దృష్టీ నిలుస్తాయి.

పొట్టి రకాలే తెగులు తెచ్చాయన్న వాదానికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది, అది బలమైనదే. షాహాబాద్‌లో తెగులు చెలరేగిన 1963 నాటికి టీఎన్1 మన పొలాల్లో లేదు. జపాన్‌లో 1884 నాటికి అసలు పొట్టి వరి విప్లవం ఊహలోనే లేదు. మరి పాత పొడుగు రకాలకూ వచ్చిన తెగులును కొత్త రకాల నెత్తిన రుద్దడం న్యాయమా? న్యాయం కాదు. తెగులు ఎప్పుడో పుట్టింది, ఏ వరికైనా రాగలదు. కానీ ఏ వరికైనా రాగలగడం ఒకటి, ఆయకట్టు మొత్తాన్ని ఒక్కసారిగా తగలబెట్టడం మరొకటి. ఈ రెండూ వేర్వేరు సంగతులని చెప్పడానికి ఊహలతో పనిలేదు. బ్యాక్టీరియా దగ్గరున్న రెండు తరహాల ప్రోటీన్లే ఆ తేడాను చూపిస్తున్నాయి.

మొదటి తరహా వరి గోడను కోసేవి. ఆకు కొసన నీటిచుక్క ఊరే జలరంధ్రాల గుండా, లేదా గాయాల గుండా బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది. మొక్క పైకి నీరు తీసుకెళ్లే దారునాళాల్లో కాపురం పెడుతుంది. అక్కడ దానికి అడ్డం మొక్క కణకవచం. ఆ కవచాన్ని కరిగించే ఎంజైమ్‌లను బ్యాక్టీరియా బయటికి స్రవిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో రమేశ్ వెంకట సొంఠి బృందం ఈ స్రావాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. స్రవించే యంత్రాంగం చెడిపోయిన బ్యాక్టీరియాకు తెగులు కలిగించే బలం తగ్గుతుందని 2000లోనే చూపింది. ఆ స్రావాల్లో ఒకటి లిప్‌ఏ, ఎస్టర్ బంధాలను తెంచే ఎంజైమ్. అదే సంస్థలోని రాజన్ శంకరనారాయణన్ బృందంతో కలిసి లిప్‌ఏ స్ఫటికాలను ఎక్స్‌కిరణాలతో పరీక్షించి, దాని అణువుల అమరికను 2009లో ప్రచురించారు. అందులో రెండు భాగాలు కనిపించాయి. ఒకటి కోసే భాగం, ఇది ఇలాంటి ఎంజైమ్‌లలో మామూలే. రెండోదే కొత్తది. చక్కెర అణువును పట్టి నిలుపుకోవడానికి ఒక గుంటలాంటి చోటు అందులో ఉంది. కణకవచం చక్కెర గొలుసులతో అల్లినది కాబట్టి, ముందు దాన్ని పట్టుకుంటేనే తర్వాత కోయగలదు. ఆ పట్టుకునే చోటును మారిస్తే లిప్‌ఏ వరి మీద పనిచేసే శక్తి కోల్పోయింది.

ఈ కథలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది వరి ఎదురుదెబ్బ. కవచం తెగుతున్నదని మొక్కకు తెలుస్తుంది. కోత నుంచి రాలిన ముక్కలే దానికి హెచ్చరిక. వెంటనే కణాలు గోడను మందం చేసుకుంటాయి, రక్షణ మొదలవుతుంది. శుద్ధిచేసిన లిప్‌ఏను ఆకులోకి ఎక్కిస్తే, బ్యాక్టీరియా లేకపోయినా మొక్క ఇలాగే స్పందిస్తుంది. అంటే తెగులు కలిగించే ఆయుధమే మొక్కను మేల్కొలుపుతుంది. మరి బ్యాక్టీరియా ఎలా గెలుస్తుంది? సూదిలాంటి మరో యంత్రాంగం ద్వారా వేరే ప్రోటీన్లను నేరుగా వరి కణం లోపలికి పంపి ఆ రక్షణను అణచివేస్తుంది. ఈ రెండు యంత్రాంగాల మధ్య పొత్తును సీసీఎంబీ బృందమే 2007లో వివరించింది. గోడ కోసే ప్రోటీన్లు వరి జాతి మొత్తానికి ఉమ్మడిగా ఉన్న దాని మీద పనిచేస్తాయి. సాంబ మసూరికైనా, మన తాతలు వేసిన ఏ రకానికైనా కవచం కవచమే. తెగులు పాతదే అన్న ఆక్షేపణలో ఉన్న నిజం ఇక్కడుంది.

రెండో తరహా ప్రోటీన్లు అలా కావు. వాటిలో ప్రముఖమైనవి టాల్ ప్రోటీన్లు. ఇవి వరి కణంలో చొరబడి కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్‌ఏ మీద ఒక నిర్దిష్టమైన అక్షరాల వరుసను వెతికి అక్కడ అతుక్కుంటాయి. వాటి నడుము భాగమంతా సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క మళ్లీమళ్లీ వచ్చే వరుస. ఒక్కో ముక్కలో 12, 13 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలు కలిసి డీఎన్‌ఏలోని ఒక్కో అక్షరాన్ని ఎంచుకుంటాయి. ఈ లెక్కను 2009లో రెండు బృందాలు వేర్వేరుగా ఛేదించాయి. 2012లో ఆకారం కూడా బయటపడింది. ఆకెండు తెగులు బ్యాక్టీరియాకు చెందిన పీటీహెచ్‌ఎక్స్ఓ1 అనే టాల్ ప్రోటీన్ డీఎన్‌ఏ చుట్టూ మల్లెతీగలా చుట్టుకుని కనిపించింది. అది అతుక్కునే చోటు వరిలోని స్వీట్11 అనే జన్యువు ముందరి భాగం. ఆ జన్యువు పని చక్కెరను కణం బయటికి పంపడం. దాన్ని బలవంతంగా పనిచేయిస్తే దారునాళాల్లో ఆకలితో ఉన్న బ్యాక్టీరియాకు మొక్కే మేత పెడుతుంది. ఇక్కడ బ్యాక్టీరియా గెలుపు ఒక రకం వరి డీఎన్‌ఏలోని కొన్ని అక్షరాల మీద ఆధారపడి ఉంది. ఆ అక్షరాలు వేరైన మొక్క మీద ఆ ప్రోటీన్ పారదు. పది రకాలు పక్కపక్కన ఉన్న పొలాల్లో ఒక మడిలో పారిన ఎత్తు పక్క మడిలో ఆగిపోవచ్చు. చెరువు కింద మొత్తం ఒకే రకం ఉంటే ప్రతి మొక్కలోనూ అవే అక్షరాలు, ఆగడానికి అడ్డే లేదు. గోడ కోసే ప్రోటీన్ల వల్ల తెగులు ఏ కాలంలోనైనా రాగలిగింది. అది ఆయకట్టును మింగే స్థాయికి చేరడంలో మాత్రం ఏకరూపమైన పొలానికి పెద్ద వాటా ఉంది.

దీనికి సాక్ష్యం తట్టుకునే గుణాల పుట్టుకలో దొరుకుతుంది. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని, అంటే ఆర్‌పీ బయో-226ను, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలనాలయమూ సీసీఎంబీ కలిసి తయారుచేశాయి. సాంబ మసూరితోనే పదేపదే వెనక్కి సంకరం చేస్తూ, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో మూడు జన్యువులను అందులో నిలిపారు: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. జన్యుమార్పిడి పంట కాదిది, సంకరమే. మొదటి జన్యువు మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఆ అడవి వరికి తెగులు సోకదని గమనించింది కటక్‌లోని మన శాస్త్రవేత్తలే. దాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థలో సాగు వరిలోకి తెచ్చారు. ఎక్స్ఏ13 బీజే1 అనే పాత భారతీయ రకంలో దొరికింది. ఎక్స్ఏ5 బంగ్లాదేశ్ వైపు ఆస్ వరులలో విరివిగా ఉంటుంది. మూడింటిలో ఒక్కటీ ఆధునిక మేలురకంలో పుట్టలేదు. అడవి వరీ, మనుషులు తరతరాలుగా కలగాపులగంగా సాగుచేసిన పాత వరులూ దాచి ఉంచిన సొత్తు అది.

ఈ మూడూ ఏం చేస్తాయన్నది ప్రోటీన్ల భాషలో మరింత స్పష్టమైంది. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో స్వీట్11 ముందరి అక్షరాలు మారి ఉంటాయి, టాల్ ప్రోటీన్‌కు అతుక్కునే చోటు దొరకదు. ఎక్స్ఏ5లో మార్పు వేరు. డీఎన్‌ఏను చదివించే వరి యంత్రాంగంలోని ఒక చిన్న ప్రోటీన్‌లో 39వ స్థానాన వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది, దానితో టాల్ ప్రోటీన్లకు పట్టు చిక్కదు. ఎక్స్ఏ21 కణం పైపొర మీద కాపలా ఉంటుంది. బ్యాక్టీరియా విడుదలచేసే ర్యాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుపట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఎక్స్ఏ21 జన్యువు ఏదో 1995లోనే తెలిసినా అది గుర్తుపట్టేది దేన్నో 2015లో గానీ తేలలేదు. అప్పటికి కొత్త సాంబ మసూరి విడుదలై ఏడేళ్లు. కాబట్టి సంకరణ శాస్త్రవేత్తలు వరుసగా ప్రోటీన్ల రహస్యాలన్నీ తెలుసుకుని ఈ రకాన్ని కట్టారనడం చరిత్ర కాదు. పొలంలో తట్టుకున్నదాన్ని నమ్మి కట్టారు, ఎందుకు తట్టుకున్నదో చాలావరకు తర్వాత తెలిసింది. అయినా ఆ తర్వాతి జ్ఞానం అలంకారం కాదు. మూడు జన్యువులూ ఒకే చోట కాకుండా వేర్వేరు మెట్ల దగ్గర బ్యాక్టీరియాను ఆపుతున్నాయని, అందువల్ల మూడింటినీ ఒకేసారి దాటడం దానికి కష్టమని చెప్పగలుగుతున్నది దాని వల్లనే.

రకాల గొడవ ఎందుకు, మందు కొడితే పోదా అని అడిగేవారున్నారు. దుకాణంలో స్ట్రెప్టోసైక్లిన్, కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఇవ్వడం దశాబ్దాల అలవాటు. కానీ శత్రువు ఆకు మీద లేదు, నీటినాళాల్లో ఉంది. పైన కొట్టిన మందు అక్కడికి చాలినంత చేరదు. పైగా మనుషుల వైద్యానికి దాచుకోవాల్సిన యాంటీబయాటిక్‌ను మడిలో పోయడం సమర్థించగలిగేది కాదు. సాగు పద్ధతి మాత్రం నిజంగా తేడా తెస్తుంది. తెగులు కనిపించాక పైపాటుగా యూరియా వేస్తే అది మరింత పెరుగుతుంది. కనిపించగానే నత్రజని ఆపి, మడిలో నీరు తీసివేయాలన్న సలహా అందుకే. నారు కొసలు తుంచి నాటే ఆచారం దగ్గర చిక్కు వస్తుంది. కాలువ నీరు ఆలస్యమైతే నారు ముదురుతుంది. ముదురు నారు కొసలు తుంచితే కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయని వ్యవసాయ సిబ్బందే చెబుతారు, అది నిజం. ఆకెండు తెగులు వచ్చే చోట మాత్రం ఆ తుంచిన కొస తెరిచిన వాకిలి. ఇది ఎంత నిజమంటే, రకాలను పరీక్షించడానికి కాఫ్‌మన్, ఏపీకే రెడ్డి తదితరులు 1973లో ప్రకటించిన పద్ధతి ఇదే. కత్తెరను బ్యాక్టీరియా ద్రవంలో ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు, నేటికీ ప్రయోగశాలలు తెగులు ఎక్కించేది అలాగే. ఒకే పని ఒక పురుగుకు మందు, ఒక తెగులుకు దారి. ముందటేడు ఏది ఎక్కువగా వచ్చిందో చూసి ఆ మడికి తగ్గట్టు తేల్చుకోవాలి, రెండింటికీ ఒకటే సూత్రం లేదు.

మిగిలిన ఆక్షేపణల్లో ఒకటి నా వాదం మీదికే తిరుగుతుంది. ఏకరూపమే దోషమైతే, సాంబ మసూరిని తీసేసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరితో పొలాలన్నీ నింపడం మళ్లీ అదే దోషం కాదా? అవును, మళ్లీ అదే దోషం. ఎక్స్ఏ13ను దాటిన బ్యాక్టీరియా తెగ మన దేశంలోనే తలెత్తిందని, అది స్వీట్ జన్యువుల జోలికి పోకుండానే తెగులు కలిగిస్తున్నదని 2018లో ఒక పరిశోధన చూపింది. మూడు జన్యువుల కట్టు ఒంటరి జన్యువు కంటే ఎక్కువకాలం నిలుస్తుందే గాని శాశ్వతం కాదు. మేలైన రకం చేతికి వచ్చినా రకాల వైవిధ్యం అవసరం తీరిపోదు. మిల్లులు, వ్యాపారులు ఒకే సన్నాన్ని అడుగుతారు కదా అన్న మాటలో బలం ఉంది. అయితే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి గింజ సాంబ మసూరి గింజే. తెలంగాణ సోనా కూడా సన్నమే, పైగా దాని పంటకాలం తక్కువ. గింజ ఒకేలా ఉండి లోపలి జన్యువులు వేరుగా ఉండే రకాలు ఇప్పటికే ఉన్నాయి, మార్కెట్‌ను ఎదిరించాల్సిన పని లేదు.

ఈ చరిత్ర ఇప్పుడు మాట్లాడడానికి కారణం ఉంది. 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. పేదింటి కంచంలోకి సన్నబియ్యం రావడం మంచి పని. దాని వెంట తొర్రూరు, పాలకుర్తి, జనగామ పొలాల్లో సన్నాల విస్తీర్ణం పెరగడం ఖాయం. దొడ్డు రకాలు తగ్గి సన్నాల్లోనూ రెండు మూడు రకాలే మిగిలితే, ఆకెండు తెగులుకు గతంలో ఎన్నడూ దొరకనంత విశాలమైన ఏకరూపపు పొలం దొరుకుతుంది. బోనస్ ఇచ్చే చేతితోనే ప్రభుత్వం తెగులును తట్టుకునే సన్నాల విత్తనాన్ని ప్రాథమిక సహకార సంఘాల్లో నాట్లకు ముందే అందుబాటులో పెట్టాలి. ఒకే చెరువు కింద కనీసం రెండు మూడు వేర్వేరు సన్నరకాలు పడేలా వ్యవసాయ అధికారులు ఊరూరా ప్రణాళిక వేయాలి. రైతులు కూడా విత్తనం కొనేముందు ధరతో పాటు, ఆకెండు తెగులును ఆ రకం తట్టుకుంటుందా అని దుకాణదారుని అడగాలి.